పదకొండు రోజుల హాజరు

సెకన్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే వెంకటసుబ్బారావు ఈల ఊదాడు. ఒకే దమ్ములో, గ్రౌండు నాలుగు మూలలా వినబడేటట్టు ఊదాడు. ఊదాక గేటు వైపు చూశాడు. ఎవరూ రాలేదు. రారని తెలిసీ ఊదడం, ఊదాక చూడడం, చూశాక రిజిస్టరు తెరవడం... ఇవాళ్టికి పదో రోజు.

ఎనిమిది లేన్ల ట్రాకు కాస్తా మనుషులు లేని ట్రాకైపోయింది. డిసెంబరు మంచు కింద సున్నం గీతలు కనబడీ కనబడకుండా ఉన్నాయి. అవతల పట్టాల మీద కాచిగూడ వైపు రైలొకటి పోతోంది. కిటికీల్లో దీపాలున్నాయి గానీ తలకాయలు లేవు. రైలు పెట్టెనీ కోచ్ అంటారు, తననీ కోచ్ అంటారు. ఈ ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో రెండు కోచ్‌లూ ఖాళీగానే నడుస్తున్నాయి. ఈ ముక్క ఎవరికైనా చెప్పి నవ్విద్దామంటే వినే చెవులు లేవు. జోకుకి కనీసం ఇద్దరుండాలి. ఒక్కడే ఉంటే దాన్ని గొణుగుడంటారు.

రిజిస్టరు మోకాలి మీద పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళకి నీలం టిక్కు, రానివాళ్ళకి ఎర్ర సున్నా. ఇరవయ్యారేళ్ళుగా అదే పద్ధతి. ‘ఈల తరవాత వచ్చినవాడు రానట్టే’ అన్నది ఆయన శాసనం. ఆ శాసనానికి సవరణ లేదు, ఆ రిజిస్టరులో కొట్టివేత లేదు. పద్నాలుగు పేర్లకీ పద్నాలుగు సున్నాలు చుట్టి, అడుగున ‘శిక్షకుడు’ అన్న గడిలో తన సంతకం పెట్టాడు. పదిహేనుమందిలో రోజూ వచ్చేవాడు ఒక్కడే, వాడికి పరుగెత్తే వయసు లేదు.

శైలజ పేరు దగ్గర మాత్రం పెన్ను కాస్సేపు ఆగింది. పదిహేను వందల మీటర్లు. జనవరిలో జరిగే అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఈ క్యాంపసుకి పతకం తెచ్చే కాళ్ళంటూ ఉంటే అవి ఆ పిల్లవే. క్యాంపు అరవై రోజులు. అందులో నలభై అయిదు రోజులు హాజరుంటేనే జట్టులో పేరు. నవంబరులో వరికోతలకని ఊరెళ్ళి అయిదు సున్నాలు తెచ్చుకుంది. ఇప్పుడివి పది. పదిహేను సున్నాలు. సరిగ్గా కట్ట మీద నుంచుంది. రేపు క్యాంపు ఆఖరి రోజు. వస్తే గట్టెక్కుతుంది, రాకపోతే ఒక్క రోజుతో మునుగుతుంది.

మొదటి రోజు వచ్చింది. అది ఆయనకి బాగా గుర్తే. హాస్టళ్ళకీ గ్రౌండుకీ మధ్య దారిలో రాత్రికి రాత్రే ముళ్ళకంచె చుట్టలు పడ్డాయి. కంచె అవతల స్పైక్స్ బూట్లు మెళ్ళో వేసుకుని నిలబడి, “సార్, పోనిస్తలేరు సార్! జర మీరు చెప్పున్రి!” అని అరిచింది. కానిస్టేబులు లాఠీ అడ్డంగా పట్టుకున్నాడు. అప్పటికి టైము ఆరూ నాలుగు. ఈయన ఉన్నచోటు నుంచి కదల్లేదు. ఎడమ చెయ్యి పైకెత్తి, గడియారం మీద వేలితో రెండుసార్లు కొట్టి చూపించి, వెనక్కి తిరిగాడు. పరుగుపందెం మనిషికి దారి దొరక్కపోవడమేమిటి, రేపు పెందలాడే లేచి ఇంకో దారిన వస్తుందిలే అనుకున్నాడు.

తనకి మాత్రం దారి ఇట్టే దొరికింది. తార్నాక వైపు గేటు దగ్గర కాపలా ఉన్న హెడ్ కానిస్టేబులు కార్డు చూసి, పేరు చదివి, మాట విని, “మాది ఏలూరు పక్కన మాస్టారూ. మీదెక్కడ?” అన్నాడు. చెప్పగానే గేటు చప్పుడు లేకుండా తెరుచుకుంది. “వెళ్ళండి వెళ్ళండి” అని, “మనోళ్ళే” అన్నాడు వెనక ఉన్న కానిస్టేబులుతో. గొడవలు మొదలైనప్పటి నుంచీ తన యాస వినబడకూడదని నోరు కట్టేసుకు తిరుగుతున్న మనిషికి ఆ ‘మనోళ్ళే’ అన్న మాట చలిలో కంబళీలా ఉంది. కప్పుకున్నాడు. అది ఎవరి మీదనుంచి లాగిన కంబళీ అని ఆలోచించలేదు.

రోజూ ఊదాడు. ఏడో రోజు ఒక్కటే ఊదలేదు. ముందు సాయంత్రం కొట్టిన టియర్‌గ్యాస్ తెల్లారినా మంచులో కలిసి అక్కడే పడుంది. ఈల నోట్లో పెట్టుకుంటే గాలి బదులు దగ్గు వచ్చింది. ఆ రోజు కళ్ళు తుడుచుకుంటూనే సున్నాలు చుట్టాడు.

*

తార్నాక మెయిన్ రోడ్డు మీద షట్టర్లు సగం మూసి సగం తెరిచి, కునుకుతున్నవాడి కళ్ళలా ఉన్నాయి. బందు రోజుల్లో బంధువులుండరు. ఇరవయ్యేళ్ళుగా చాయ్ తాగుతున్న బండి దగ్గర కూడా ఆయన ఈమధ్య వేలు చూపించి ఊరుకుంటున్నాడు. ఒక వేలంటే ఒక చాయ్. ఆ చాయ్‌బండి భీమయ్య ఏనాడూ ఏమీ అనలేదు. ఇవాళ కూడా, “ఏంది సార్, మౌనవ్రతమా? నోట్ల పుండైందా?” అని అడిగాడు. ఈయన నవ్వి తలూపాడు. అంటారేమోనన్న భయమే తప్ప అన్నవాళ్ళెవరూ లేరు. ఆ భయానికి మాత్రం ఒక్కరోజు కూడా సెలవు లేదు.

అద్దె పోర్షను తాళం తీశాడు. ముందు గదిలో గోడ నిండా చార్టు. గ్రాఫు కాగితాలు అతికించి, ఇరవై నాలుగు వారాల శిక్షణ రోజుకొక గడిగా రాసింది. ఆకుపచ్చ గడులు దమ్ము పెంచే దూరాలు. పసుపు, మెట్టల మీద పరుగు. ఎరుపు, వేగం. ఎరుపు రెండు రోజులు వరసగా రాకూడదు. చివర్న నీలం, పని తగ్గించి ఒంట్లో బలం నిలవచేసే వారాలు. పని చెయ్యడం అందరూ నేర్పుతారు, ఎప్పుడు ఆపాలో నేర్పేవాడే కోచ్ అని ఆయన నమ్మకం. పొద్దున్నే మంచం దిగకముందు నాడి పట్టి చూసుకుని రాసుకోమని అందరికీ చెప్పాడు. నాడి మామూలుకన్నా ఆరేడు ఎక్కువ కొడితే ఆ రోజు ఎరుపు గడి వాయిదా. ఒకరి చార్టు ఇంకొకరికి పనికిరాదు. పద్నాలుగు మందికీ పద్నాలుగు జిరాక్సు కాపీలిచ్చాడు. జిరాక్సులో రంగులు రావు కాబట్టి ప్రతి గడిలోనూ ఆ, ప, ఎ, నీ అని తన చేత్తోనే రాసిచ్చాడు.

పని జరిగిన గడికి సాయంత్రం రంగు వెయ్యడం అలవాటు. తొమ్మిది గడులు తెల్లగా ఉన్నాయి. ఇవాళ్టిది పదోది. రంగు పెన్సిళ్ళ డబ్బా తెరిచి, మొన అరగని పెన్సిలు ఒకటి తీసి, ఊరికే చెక్కి, మళ్ళీ పెట్టేశాడు.

ఫోను మోగింది. తెలియని నంబరైతే ఎత్తడం మానేశాడు. ఈ వారంలో ఒకే నంబరు మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ దాన్ని బల్ల మీద అలాగే మొత్తుకోనిచ్చాడు. ఇది మాత్రం భార్య విజయశ్రీ. గొడవలు మొదలవగానే కాకినాడలో చెల్లెలింటికి వెళ్ళింది.

“తిన్నారా?”

“తిన్నాను.”

“ఏం తిన్నారు?”

ఆయనకి వెంటనే అబద్ధం తట్టలేదు. “అటుకులు.”

“పరుగెత్తేవాళ్ళు లేరు, పరుగెత్తించేవాడెందుకండీ అక్కడ? వచ్చెయ్యకూడదూ?”

“క్యాంపు ఇంకా ఒక్కరోజుంది.”

“క్యాంపులో ఎవరున్నారు?”

“నేనున్నాను” అన్నాడు వెంకటసుబ్బారావు. అవతల నుంచి నవ్వు వస్తుందనుకున్నాడు. రాలేదు.

*

పదకొండో రోజూ ఎవరూ రాలేదు. ఈల ఊదాడు, చూశాడు. ఆ రోజు శాసనాన్ని కాస్త సడలించి ఆరుంబావు దాకా కంచె వైపే నిలబడ్డాడు. కంచె మీద ఎవరిదో కండువా చిక్కుకుని ఊగుతోంది, అంతే. సున్నా చుట్టాడు. శైలజకి పదహారో సున్నా. ఆ పేరు ఎదురుగా మొత్తం నలభై నాలుగని వేసి రిజిస్టరు మూశాడు.

స్పోర్ట్స్ ఆఫీసులో గుమాస్తా రఘువీర్ ఒక్కడే కూర్చుని, హీటరు తీగ మీద చేతులు కాచుకుంటున్నాడు. రిజిస్టరు తిరగేశాడు. “కౌముది నలభై తొమ్మిది, బతికిపోయింది. శైలజ... అయ్యో, ఒక్కటే తక్కువైందే మాస్టారూ!” గొంతు తగ్గించాడు. “సున్నాకి చిన్న తోక పెడితే టిక్కైపోతుంది. నేనేం చూళ్ళేదు, టీకి వెళ్ళాను.” నిజంగానే కుర్చీ వెనక్కి జరిపాడు.

“నా రిజిస్టర్లో తోకలుండవు రఘువీర్.”

“ఉండవు లెండి. మీది హరిశ్చంద్రుడి హాజరు పట్టీ. దేశమంతా బందైనా మీ సంతకం బంద్ కాలేదు.”

అది పొగడ్తో వెటకారమో తేల్చుకోకుండానే బయటికొచ్చాడు. తరవాతి రోజు మధ్యాహ్నం నోటీసు బోర్డు మీద జాబితా అంటించారు. పదిహేను వందల మీటర్లు, మహిళలు, రెండు స్థానాలు. మొదటి దానిలో కౌముది. రెండో గీత మీద ఏమీ లేదు. ఎవరి పేరో కొట్టేసినా ఆయనకి అంత బాధ ఉండేది కాదు. ఆ గీత ఎవరికోసమో పీట వేసి పిలవడం మర్చిపోయినట్టుంది.

జట్టులో పేరు రాకపోతే ఆ సంగతి కోచే స్వయంగా వెళ్ళి చెప్పాలి. అదీ ఆయన పెట్టుకున్న నియమమే. హాస్టళ్ళ వైపు కంచెని మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా పాలకీ కూరగాయలకీ తెరుస్తున్నారని భీమయ్య చెప్పాడు. అడిక్‌మెట్ మీంచి చుట్టు తిరిగి, ఉల్లిపాయల తోపుడుబండి వెనకాలే, తనూ ఒక బస్తాలా లోపలికి వెళ్ళాడు. దారిపొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. రూలంటే రూలమ్మా. వచ్చే ఏడాది ఉంది కదమ్మా. ఓటమిని కూడా గెలవాలమ్మా. మూడో మాట ఆయనకే ఎబ్బెట్టుగా తోచి తీసేశాడు.

హాస్టలు వంటశాల వెనక రోడ్డు మలుపు తిరిగాక కాళ్ళు ఆగిపోయాయి.

తారు మీద అడ్డంగా తెల్లటి సున్నం గీత. బెత్తెడు వెడల్పు. రెండు చివర్లా చిన్న ఇంటూ గుర్తులు. బయల్దేరే గీతకి ఆ గుర్తులు పెట్టే మనిషి తనకి తెలిసి ప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు. నాలుగడుగులు వేశాడు, ఇంకొంచెం దూరంలో ఇంకో గీత, పక్కన ‘100’. రోడ్డు వంటశాలనీ, రెండు హాస్టలు బ్లాకులనీ చుట్టి తిరిగి వస్తోంది. ఆయనా చుట్టూ నడిచాడు. ‘200’. ‘300’. మళ్ళీ మొదటి గీత. తన పుస్తకంలో పదకొండు సున్నాలు, ఈ రోడ్డు మీద సున్నం.

“అచ్చిండ్రా సారూ! పదకొండు దినాలకు!”

మెస్సు వంటమనిషి రాజలింగు. మెస్సు మూసేశాక ఆరుబయట మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, మిగిలిన పిల్లలకి వండుతున్నాడు. బోర్లించిన డేగిసా మీద కూర్చుని చింతపండు పిసుకుతున్నాడు. పక్కనే మెస్సు గోడ గడియారం, గోడ మీంచి దిగొచ్చి ఇటుకకి ఆనుకుని కూర్చుంది.

“ఈ గీతలెవరు గీశారు?” అన్నాడు వెంకటసుబ్బారావు. ఆఫీసు గది దాటాక, బయట, చాలా రోజులకి ఆయన పూర్తిగా పలికిన మొదటి వాక్యం అది.

“ఎవలు గీస్తరు? నీ పిల్లనే. నా సైకిల్ చక్రానికి గుడ్డపేలిక కట్టి, నూట ఎనభై రెండు సుట్లు లెక్కవెట్టుకుంట నూకింది. నాలుగు వందల మీటర్లట. సున్నం మా వంటశాలకు ఏద్దామని తెచ్చిపెట్టింది. గోడలకు లేకపాయె, రోడ్డుకు అంటింది.”

చక్రానికి గుడ్డ కట్టి దూరం కొలవడం అక్టోబరులో ఒకరోజు నేర్పాడు. నేర్పినట్టు కూడా కాదు, తను కొలుస్తుంటే పక్కన నిలబడి చూసింది.

“టైము ఎవరు చూశారు?”

“నేనే.” రాజలింగు గడియారం మీద చింతపండు చేత్తోనే తట్టాడు. “పొద్దుగాల ఆరింటికి గీ గడియారం ఒళ్ళె వెట్టుకొని కూసుంటున్న. మొదాల నాకు సెకండంటేందో తెల్వకపోయేది. గిప్పుడు అన్నం గూడ సెకండ్ల లెక్కనే దించుతున్న. రా, సూపిస్త.”

వంటశాల లోపల పొగచూరిన గోడ. గోడ మీద గంజితో అంటించిన జిరాక్సు కాగితం. గడిగడికీ ఆ, ప, ఎ, నీ, తన దస్తూరీ. దాని పక్కన బొగ్గుతో పదకొండు వరసలు. మొదటి అంకె పొద్దుటి నాడి. తరవాత దూరం. తరవాత సెకన్లు. మొదటి రోజు: నాడి 57, కంచె దగ్గర నుంచి వెనక్కి, మెల్లగా అరగంట. రెండో రోజు: నాడి 58, ఆరు నాలుగువందలు, 72, 71, 72, 71, 71, 70. మూడో రోజు: నాడి 59, మెల్లగా అరగంట. ఎరుపు పక్కన ఎరుపు లేదు. ఆయన వేలితో ఒక్కొక్క వరస మీదుగా దిగుతూ వచ్చాడు. వేలికి మసి అంటుతోంది. ఏడో వరస దగ్గర వేలు నిలిచిపోయింది.

‘నాడి 66. ఈల లేదు. విశ్రాంతి.’

“ఈల లేదంటే?” అన్నాడు.

“లేదంటే లేదు సార్.” వెనకనుంచి శైలజ. నీళ్ళబిందె చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కాస్త చిక్కింది. “బండ్లు బందైనయి గద, పొద్దుగాల మీ ఈల గీడిదాక ఇనవడ్తది. దాంతోనే షురువు చేస్తున్న. గా దినం ఊదలే. నాడి గూడ ఎక్కువున్నది, గ్యాస్ గొట్టిన్రు గద. సార్ ఒద్దంటున్నడని అర్థం చేసుకున్న.”

వెంకటసుబ్బారావు వేలు ఇంకా ఏడో వరస మీదే ఉంది.

“మీకు ఫోన్ జేసిన సార్. కరెంటు లేక నా ఫోన్ చచ్చిపోయింది, రాజలింగన్న ఫోన్‌కెల్లి చేసిన. మూడుసార్లు. మీరు ఎత్తలే.”

“జాబితా వచ్చింది” అన్నాడు ఆయన.

“తెలుసు సార్. కౌముది చెప్పి పంపింది.” బిందె దించింది. దించేటప్పుడు నీళ్ళు ఒక్క చుక్క కూడా తొణకలేదు. “కోతలకు పోయినప్పుడు మీరు సున్నాలేసిన్రు. నేనేమన్న అన్ననా? పోయిన, సున్నా వడ్డది. న్యాయమే. కని గీ పదకొండు దినాలు నేను యాడికీ పోలే సార్. ఈలకు రాలేదని రాసిన్రు. ఈలకే ఉరికిన.”

కూడబలుక్కున్న మూడు మాటల్లో రెండు మిగిలాయి. ఆ రెండూ కూడా తీసేశాడు.

“ఏమంటవ్ సారూ?” అన్నాడు రాజలింగు చారుకి ఉప్పు చూస్తూ. “ఈలనేమో పంపినవు. నువ్వే రాకపోతివి.”

“ఊకో అన్నా!” అంది శైలజ. ఆ ఊకోలో కోపం లేదు, అబద్ధమనీ లేదు.

ఆయన జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. గోడ ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని, పదకొండు వరసలూ నాడితో సహా, అంకె పోకుండా ఎక్కించుకున్నాడు. రాయడం అయ్యేసరికి అయిదు కావస్తోంది. రాజలింగు ఒక సత్తుపళ్ళెంలో అన్నం, చారు పెట్టి ముందుకి తోశాడు. “తిను. నీ మొకం సూస్తే పొయ్యి వెట్టి పది దినాలైనట్టుంది.” వెంకటసుబ్బారావు తిన్నాడు. చారు కారంగా ఉంది. కళ్ళలో నీళ్ళకి అదొక దారి దొరికింది.

*

మర్నాడు రఘువీర్ ఎదురుగా రిజిస్టరు తెరిచి, నీలం పెన్ను మూత తీశాడు.

“తోకా?” అన్నాడు రఘువీర్ ఆశగా. “ఒక్కటి చాలు మాస్టారూ.”

“ఒక్కటైతే దొంగతనం. పదకొండైతేనే నిజం.”

శైలజ పేరు ఎదురుగా పదకొండు సున్నాలనీ ఒక్కొక్కటే అడ్డంగా కొట్టేశాడు. పైన టిక్కు పెట్టాడు. పక్కన సంతకం, తేదీ. ఇరవయ్యారేళ్ళ రిజిస్టర్లలో మొదటి కొట్టివేత ఇది. మొదటిదానికి స్కేలు పెట్టుకున్నాడు. అయిదోదానికి అలవాటైంది. తరవాత ఒక తెల్లకాగితం మీద వంటశాల గోడని ఉన్నదున్నట్టు రాసి, శిక్షణ జరిగిన స్థలం హాస్టలు వెనక రోడ్డు, సమయం చూసినవారు మెస్సు వంటమనిషి రాజలింగు అని కింద చేర్చి, పిన్ను గుచ్చాడు.

రఘువీర్ చదివాడు. “బాగానే ఉంది. ఏడో రోజు విశ్రాంతి కూడా హాజరేనా?”

“విశ్రాంతి కూడా శిక్షణే. నేనే నేర్పాను.”

“సరే, కమిటీకి పంపుతాను. ఒప్పుకుంటారు, ఆ స్థానం ఎలాగూ ఖాళీగానే ఉంది.” చెయ్యి చాచాడు. వెంకటసుబ్బారావు రిజిస్టరు ఇవ్వలేదు. పెన్ను మార్చాడు. ఎర్ర పెన్ను.

పేజీ అడుగుకి దిగి, ‘శిక్షకుడు’ గడిలో ఉన్న తన సంతకాలు పదకొండింటినీ కొట్టేసి, ఒక్కొక్కదాని మీద గుండ్రంగా సున్నా చుట్టాడు.

“ఏంటండీ ఇది!” రఘువీర్ లేచి నిలబడ్డాడు. “మీరు రోజూ వచ్చారుగా! గేటు దగ్గర పోలీసులే సాక్ష్యం.”

“గ్రౌండుకి వచ్చానయ్యా. శిక్షణ జరిగింది అక్కడ కాదుగా.”

“మీ కొలువు ఏటికేడు పొడిగించేది. కోచే పదకొండు రోజులు గైర్హాజరని ఫైలుకెక్కితే మార్చిలో ఎవరు పొడిగిస్తారు? ఎవరడిగారు మిమ్మల్ని?”

అడిగినవాళ్ళెవరూ లేరు. అదే ఆయనా అనుకున్నాడు. ఆ మొదటి రోజు కంచె దాకా ముప్ఫై గజాలు. అడిగింది ఒక్క మనిషి, తను గడియారం చూపించాడు. ఇదంతా రఘువీర్‌కి చెప్పాలంటే చాలా మాటలు కావాలి. “సున్నాలు గుండ్రంగా వచ్చాయా?” అని మాత్రం అడిగి, రిజిస్టరు బల్ల మీద పెట్టేశాడు.

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద రెండో గీత పైన శైలజ పేరు చేతిరాతతో చేరింది. చూడ్డానికి ఆయన తప్ప అక్కడెవరూ లేరు. ఇంటికి వెళ్ళి పెన్సిళ్ళ డబ్బా తెరిచాడు. పదకొండు తెల్లగడులకీ ఏ రంగు ఎక్కడో నోటుబుక్కులో చూసి నింపాడు. ఏడో గడికి నీలం వేశాడు. రేపటి గడి కూడా నీలమే: నాలుగు నాలుగువందలు, అంతకన్నా ఒక్కటి కూడా ఎక్కువ కాదు. ఫోనులో ఆ మూడుసార్ల నంబరు వెతికి రాజలింగు అని పేరు పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడే గానీ చెయ్యడానికి వేలు ఆడలేదు. ఫోను కూడా ఈలలాంటిదే. మనిషి వెళ్ళాలి.

*

తెల్లవారుజామున తార్నాక గేటు వైపు పోలేదు. అడిక్‌మెట్ సందులన్నీ చుట్టి హాస్టళ్ళ కంచె దగ్గరికి చేరేసరికి ఆరుకి అయిదు నిమిషాలుంది. కంచె మూసే ఉంది. మూసి ఉంటుందని తెలుసు.

“ఏయ్ పెద్దాయనా, వెనక్కి!” అన్నాడు కానిస్టేబులు.

కార్డు తీసి చూపించాడు. కానిస్టేబులు టార్చి వేసి చూశాడు. “ఇది గ్రౌండుకి. ఇటు చెల్లదు.”

“కోచ్‌ని బాబూ. ఏలూరు దగ్గర...” అనబోయి ఆపేశాడు. ఆ కంబళీ ఇంక కప్పుకోదలచలేదు.

“ఏ ఊరైనా మూడింటికి తెరుస్తాం. పో.”

కంచె సందుల్లోంచి వంటశాల పొయ్యి వెలుగు కనబడుతోంది. డేగిసా మీద రాజలింగు, ఒళ్ళో గడియారం. సున్నం గీత దగ్గర శైలజ, వంగి బూటు తాడు బిగిస్తోంది. లేచి నిలబడి, మొహం ఇటు కాదు, గ్రౌండు ఉన్న వైపు తిప్పి, చెవి పెట్టింది. ఆరైంది. ఆ వైపునుంచి ఏమీ రాలేదు. రాదు. ఊదేవాడు ఇక్కడున్నాడు. ఆరూ ఒకటి. ఆమె రాజలింగుతో ఏదో అంది. రాజలింగు బొగ్గుముక్క తీసుకుని లేవబోయాడు.

ఇప్పుడు గోడ మీద ఏం రాస్తారో ఆయనకి తెలుసు. ఈల మెడలోంచి తీశాడు.

“ఈలా గీలా వేశావంటే సిగ్నలనుకుని లోపలేస్తారు” అన్నాడు కానిస్టేబులు.

వెంకటసుబ్బారావు ఊదాడు. ఒకే దమ్ములో. ఊదుతూనే కుడిచేత్తో స్టాప్‌వాచీ నొక్కాడు. కానిస్టేబులు ఆయన భుజం పట్టుకుని గుంజాడు, ఈల జారి కంచె ఇవతల మట్టిలో పడింది. అప్పటికే శైలజ గీత దాటేసింది. నాలుగడుగులు వేశాక గానీ ఈల ఇవాళ ఇంత దగ్గర నుంచి వచ్చిందేమని ఆమెకి తట్టినట్టు లేదు. పరుగు ఆపకుండానే తల ఒక్కసారి వెనక్కి తిప్పి చూసి, మలుపు తిరిగి మాయమైంది.

“ఎవరి కోసమయ్యా ఊదావు?” కానిస్టేబులు ఆయన చేతిలో అంకెలు పరుగెత్తుతున్న వాచీ చూసి భుజం వదిలేశాడు. “ఏంటిది, పరుగుపందెమా?”

“ఊఁ.”

వంటశాల వెనక అడుగుల చప్పుడు దూరమైంది. ఇరవై. ముప్ఫై. మంచులో ఒక్కడూ నిలబడ్డాడు. నిన్నటిదాకా నిలబడ్డట్టే. కాకపోతే చేతిలో వాచీ నడుస్తోంది. యాభై. అరవై. అవతలి మలుపులో చప్పుడు మళ్ళీ దగ్గరైంది. రాజలింగు గడియారాన్ని బిడ్డలా ఎత్తి పట్టుకున్నాడు. ఆమె గీత మీదుగా దూసుకుపోయి, ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని కంచె వైపు తిరిగింది.

“ఎంత సార్?”

ఆయన వాచీ చూశాడు. డెబ్బై ఒకటీ చిల్లర. నోరు తెరిచేలోపే రాజలింగు కేక పెట్టాడు: “డెబ్బై!” అని, మళ్ళీ కంచె వైపు అనుమానంగా చూసి, “అంతే గదా సారూ? నీ మిషిన్ల ఎంతున్నది? ఎంత రాయమంటవ్?”

ఇరవయ్యారేళ్ళలో ఎవరికీ ఒక్క సెకను వదలని మనిషి వాచీని జేబులో వేసుకున్నాడు.

“నువ్వన్నదే రాయి రాజలింగూ” అన్నాడు ముళ్ళకంచె ఇవతల నుంచి. “గీత దగ్గరున్నది నువ్వు.”